రేవు దీపం చుట్టూ రంగులు

విజయనగరం,
12 నవంబరు 1968.

బావ కృపారావుకు,

నీ కవరు అందింది. కార్డు మీద రాయొద్దు, మిషను ఆస్పత్రి టపా అంతా మా మావ ఆదాముగారి చేతిమీదుగానే వస్తుంది, సినిమా అన్న మాట ఆయన కంటబడితే చర్చి సంఘంలో తల ఎత్తుకోలేనని ప్రతి ఉత్తరం చివరా రాస్తావు. ఆరేళ్లుగా కవర్లే రాస్తున్నాను కదా, ఇంక చెప్పకు.

అసలు సంగతికి వస్తాను. నరహరిశాస్త్రిని మించిన డైరెక్టరు లేడని రెండు పేజీలు నింపావు. నవ్వుకున్నాను. నువ్విక్కడ కంపౌండరు పని నేర్చుకునే రోజుల్లో, మిషను వాళ్లెవరైనా చూస్తారని భయపడి బెంచీల్లో కూర్చునేవాడివి కాదు. నా ప్రొజెక్టరు కేబిన్‌లో దూరి, గోడకున్న కన్నంలోంచి బొమ్మ చూసేవాడివి. ఒక డైరెక్టరుకీ ఇంకో డైరెక్టరుకీ తేడా ఉంటుందని నీకు అప్పుడు చెప్పింది నేను. ఇప్పుడు నాకే పాఠం చెబుతున్నావు. బాగుంది.

నా డైరెక్టరు వేదాద్రి కొత్త బొమ్మ ‘రేవు దీపం’ మా హాల్లో మూడోవారం ఆడుతోంది. పడవెక్కి పోయిన మొగుడి కోసం ఆ పిల్ల లాంతరు పట్టుకుని రేవులో నిలబడుతుంది. నాలుగు నిమిషాలు మాట లేదు, పాట లేదు. రేవంతా పల్చగా మంచు. పిల్ల మొహం సగం తెలుస్తుంది, సగం తెలియదు. లాంతరు చుట్టూ గుండ్రంగా వెలుగు కట్టి ఉంటుంది. ఇరవయ్యేళ్లుగా బొమ్మలాడిస్తున్నాను, మంచుని ఇంత అందంగా తీసినవాడిని చూడలేదు. నీ నరహరికి ఏడు జన్మలెత్తినా ఆ నాలుగు నిమిషాలు రావు.

ప్రింటు మాత్రం ఎక్కడెక్కడో నలిగి వచ్చింది. రీలు అయిపోయేముందు తెర మూలన చుక్క పడుతుంది, అది చూసి రెండో మిషను అందుకోవాలి, నీకు తెలిసిందే. ఆ చుక్కలు ఈ ప్రింటులో సరిగా లేవు. మొన్న మాట్నీలో రెండుసార్లు తెర తెల్లబోయింది. ప్రొప్రయిటరు జగన్నాధంగారు పైకొచ్చి, “ఏటి సూరీ, ఇన్నేళ్ల సర్వీసోడివి, సుక్క అగుపడనేదా” అన్నారు. ప్రింటు అలా ఉందని చెప్పాను.

ప్రొజెక్టరు దీపంలో మండే కార్బన్ల పొగకి సాయంత్రమయ్యేసరికి కనుబొమల మీద నొప్పి వస్తోంది. నీలవేణి శొంఠి అరగదీసి పట్టు వేస్తోంది. ఇంతే సంగతులు.

నీ
అప్పలసూరి


పాలకొండ,
9 డిసెంబరు 1968.

సూరి బావకి,

మంచు వేసి దాచేవాడు డైరెక్టరు ఎలా అవుతాడు? చూపించేవాడు కదా డైరెక్టరు.

మా ఊరి టూరింగ్ టాకీసుకి నరహరి తీసిన ‘పెద్దింటి పాలేరు’ వచ్చింది. రెండుసార్లు చూశాను. చూడటమంటే నా చూడటం నీకు తెలుసు. నేలక్లాసులో, రాట పక్కన, తలమీంచి తువ్వాలు కప్పుకుని చూడటం. ఈసారి పక్కన కూర్చున్నవాడు నేను కిందటి వారం కాలికి కట్టు కట్టిన సోములు. తువ్వాలు కిందనుంచి తొంగి చూసి, “కంపౌండరు బాబూ, మీరేటి ఇక్కడ” అన్నాడు. నేను తువ్వాలు ఇంకా కిందికి లాక్కున్నాను. వాడే మళ్లీ, “నానెవులికీ సెప్పనులెండి, సూడండి” అన్నాడు. ఇంటర్వెల్లో లైట్లు వెలిగినంతసేపూ ఇద్దరం ఎరగనట్టు కూర్చున్నాం.

ఆ బొమ్మలో వంటింటి సీను ఒకటి ఉంది. అత్తా కోడలూ నగల గురించి తగువులాడుకుంటూ ఉంటారు. అదే సమయంలో తెరకి ఎడమ అంచున, గుమ్మం దగ్గర, పాలేరు అన్నం కోసం ఆకు పట్టుకుని నిలబడి ఉంటాడు. వాళ్లు వాడిని చూడరు. చాలామంది జనం కూడా చూడరు. చూసినవాడు మాత్రం ఇంక నగల తగువు వినడు. అంచుల్లో కథ చెప్పడం నరహరికి ఒక్కడికే తెలుసు. మీ హాలుకి వచ్చినప్పుడు ఆ మూల చూసి నాకు జవాబు రాయి.

ఈస్టరు వెళ్లాక సంఘం పనులు చూసే డీకన్లను ఎన్నుకుంటారు. నా పేరు మావే ఎత్తాడు. “అల్లుడు ఏ దుర్గుణం లేనోడు” అని పెద్దల ముందు చెప్పాడట. వినగానే తువ్వాలు గుర్తొచ్చింది. కవర్లు బాగా అంటించి పంపు.

నీ
కృపారావు


విజయనగరం,
17 జనవరి 1969.

బావా,

‘పెద్దింటి పాలేరు’ మా హాల్లో వేశాం. పధ్నాలుగు ఆటలు నా చేత్తో ఆడించాను. గుమ్మమూ లేదు, పాలేరూ లేడు, ఆకూ లేదు. అత్తా కోడలూ ఉన్నారు, అంతే. తువ్వాలు కింద నిద్రపోయి కలగన్నావేమో చూసుకో.

వేదాద్రి పనితనం ఇంకా పూర్తిగా చెప్పలేదు నీకు. ‘రేవు దీపం’ మళ్లీ తెప్పించారు. రోజూ చూడగా చూడగా తెలిసింది. ఆ లాంతరు చుట్టూ ఉన్న వెలుగు ఉత్త తెలుపు కాదు. లోపలి అంచు నీలం, బయటి అంచు ఎరుపు, మధ్యలో పసుపు. బొమ్మేమో బ్లాక్ అండ్ వైటు. అందులో ఒక్క లాంతరుకి మాత్రం రంగులు పెట్టాడంటే ఆ బుర్ర ఎలాంటిదో ఆలోచించు. లాబరేటరీలో ప్రింటుకి చేత్తో రంగులద్దించి ఉంటాడు. ఏ పత్రికవాడూ ఈ సంగతి రాయలేదు. వాళ్లకి అంత చూపు లేదు.

జనానికీ లేదు. ఈ మధ్య ఏ బొమ్మ వేసినా “ఫోకసు, ఫోకసు” అని బెంచీలు చరుస్తున్నారు. నాకు బాగానే ఉంది, వాళ్లకేమొచ్చిందో. చుక్కల గొడవ కూడా వదిలించుకున్నాను. మాటలు పట్టేశాను. ‘రేవు దీపం’ ఆరో రీల్లో ముసలాయన “నాకింకెవరూ లేరు” అనగానే మనసులో అయిదంకెలు లెక్కపెట్టి రెండో మిషను తెరుస్తాను. తప్పడం లేదు. ఈ ఊళ్లో చెవులతో బొమ్మ ఆడించే ఆపరేటరుని నేనొక్కడినే.

తలనొప్పి అలాగే ఉంది.

నీ
సూరి


పాలకొండ,
24 ఫిబ్రవరి 1969.

సూరీ,

ఆస్పత్రికి మందులు తేవడానికి శ్రీకాకుళం పంపారు. పని పొద్దున్నే అయిపోయింది. మాట్నీలో నీ ‘రేవు దీపం’ చూశాను.

రేవులో మంచు లేదు. ఎండాకాలపు సాయంత్రం అది. ఇసకలో పీతలు తవ్విన కన్నాలు కూడా తెలుస్తున్నాయి. ఆ పిల్ల మొహం సగం కాదు, మొత్తం తెలుస్తుంది. ముక్కుపుడక మీద చెమట తెలుస్తుంది. లాంతరు మామూలు లాంతరు. దాని చుట్టూ ఏ వెలుగూ లేదు, ఏ రంగూ లేదు. బ్లాక్ అండ్ వైటు బొమ్మలో నీలం, ఎరుపు ఎక్కడినుంచి వస్తాయి? బయటికొచ్చి అక్కడి ఆపరేటరుని కూడా అడిగాను. నన్ను ఎగాదిగా చూశాడు.

బొమ్మ బాగానే ఉంది. ఆ పిల్ల నిలబడటం బాగుంది. నేను కాదనను. కానీ వాదంలో గెలవడానికి లేనివి ఉన్నాయని రాస్తావా? ‘పెద్దింటి పాలేరు’లో ఉన్నవాడిని లేడంటావు, ఇందులో లేని రంగులు ఉన్నాయంటావు. ఇదేం పద్ధతి?

ఊరికే అడుగుతున్నాను. ఇంట్లో దీపం నీకు ఎలా కనిపిస్తోంది? వీలు చూసుకుని ఎవరికైనా కళ్లు చూపించుకో.

కృపారావు


విజయనగరం,
6 మార్చి 1969.

కృపారావుకు,

అరవై మూడు ఆటలు ఆడించినవాడిని నేను. ఒక్క మాట్నీ చూసొచ్చి నాకు చెబుతున్నావు. నేను అబద్ధాలకోరునని రాశావు. ఆ ఒక్క మాట చాలు.

ఇంట్లో దీపం దీపంలాగే కనిపిస్తోంది. నా కళ్ల గురించి కంపౌండర్లు కంగారు పడనక్కర్లేదు. డీకను ఉద్యోగం చూసుకో. ఇంక సినిమా సంగతులు నాకు రాయకు.

అప్పలసూరి


విజయనగరం,
9 మే 1969.

అన్నయ్యగారికి నీలవేణి నమస్కారాలు.

మీ ఇద్దరికీ మాటలు లేవని తెలుసు. అయినా రాయక తప్పలేదు. నాకు ఉత్తరాలు రాయడం అలవాటు లేదు, తప్పులుంటే ఏమనుకోకండి.

కిందటి ఆదివారం మాట్నీలో ఆయన కేబిన్‌లో పడిపోయారు. బొమ్మ తెర దాటి గోడ మీదికి పోతోందని జనం గోల చేశారట. జగన్నాధంగారు పైకెళ్లి చూస్తే కుడికన్ను అరచేత్తో నొక్కుకుని నేలమీద ముడుచుకుని ఉన్నారు. వాంతులు. ఇంటికి మోసుకొచ్చారు. ఎండదెబ్బ అన్నారు అందరూ. మాడుకి ఆముదం పెట్టాను, మజ్జిగ తాగించాను. మూడు రోజులు అరిచారు. కన్ను మిరపపండులా అయిపోయింది. నాలుగోరోజు నొప్పి తగ్గింది. నొప్పితో పాటు ఆ కంటి చూపు కూడా పోయింది.

ఎడంకన్నుతో ఎదురుగా ఉన్నది చూస్తున్నారు. పక్కన నిలబడితే నేనున్నట్టు కూడా తెలియదు. నిన్న నీళ్లబిందె తన్నుకుని పడ్డారు.

మీకు చెప్పొద్దన్నది ఒకటి చెబుతున్నాను. దసరా ముందునుంచే ఇంట్లో బుడ్డి దీపం చుట్టూ రంగులు కనిపిస్తున్నాయనేవారు. “ఎవులికీ సెప్పకే, జగన్నాధంబాబుకి తెలిస్తే కేబిన్ తాళం లాక్కుంటాడు” అనేవారు. మీరు శ్రీకాకుళంలో బొమ్మ చూసి రాసిన ఉత్తరం వచ్చినరోజు దీపం వెలిగించి, ఆ కాగితం పట్టుకుని చాలాసేపు దానికేసి చూస్తూ కూర్చున్నారు. ఏటని అడిగితే, “కృపా సెప్పిందే నిజవే” అన్నారు. తెల్లారి మీకు ఆ కోపం ఉత్తరం రాశారు.

ఆ రెండోదైనా ఉంటుందా అన్నయ్యా? ఏం చెయ్యమంటారో చెప్పండి.

నీలవేణి


పాలకొండ,
12 మే 1969.

చెల్లెమ్మా నీలవేణీ,

నీ ఉత్తరమూ, సూరి ఉత్తరాలన్నీ మా డాక్టరమ్మ లీలారాణిగారికి చూపించాను. ఇవి నీటికాసులు అన్నారు. కంటి లోపల నీరు ఒత్తిడి పెడుతుంది. చీకట్లో ఉన్నకొద్దీ ముదురుతుంది. కేబిన్‌లోకి సూరిని అడుగు పెట్టనివ్వకు. తాళం జగన్నాధంగారికి నువ్వే ఇచ్చెయ్యి, సూరి ఏమన్నా సరే.

పోయిన కన్ను రాదు. రెండోదానికి వెంటనే ఆపరేషను చెయ్యాలి. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో డాక్టరుకి ఆవిడ చీటీ రాసిచ్చారు. ఈ ఉత్తరం అందిన మర్నాడు చుక్కల మందు, చీటీ పట్టుకుని నేనే వస్తాను. బట్టలు సర్ది ఉంచు. సూరికి నా మీద కోపమైతే బస్సులో తిట్టుకోమను.

కృపారావు


పాలకొండ,
20 జూలై 1969.

సూరి బావకి,

డాక్టరు కట్టు విప్పినరోజు నువ్వు నా చెయ్యి పట్టుకుని, “నువ్వు నేకపోతే రెండోది కూడా పోయేది బావా” అన్నావు. వార్డులో అందరూ విన్నారు. పక్క మంచం ముసలమ్మ నాకు దణ్ణం పెట్టింది. పదకొండు రోజులు నీ పక్కన కూర్చుని కూడా ఒక మాట చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను. నీలవేణి చేత చదివించుకో.

శ్రీకాకుళంలో ఆ లాంతరు మామూలుగా కనిపించినరోజే నాకు అనుమానం వచ్చింది. ఆస్పత్రిలో పన్నెండేళ్లుగా ఉన్నాను. దీపం చుట్టూ రంగులు, సాయంత్రం కనుబొమల నొప్పి, పక్కనున్నది తెలియకపోవడం. డాక్టరమ్మ రోగుల్ని ఈ ప్రశ్నలే అడుగుతుంది, నేను పక్కన నిలబడి సీసాల మీద చీటీలు అంటిస్తూ వింటాను. నువ్వు జనవరిలో ఆ జవాబులన్నీ ఒకే కాగితం మీద రాసి పంపావు. నేను నరహరి గొప్పా వేదాద్రి గొప్పా అని చూసుకున్నాను.

ఫిబ్రవరిలో తెలిశాక ఆ ఉత్తరం డాక్టరమ్మకి చూపించాలనుకున్నాను. చేతిలో పట్టుకుని ఆవిడ గది గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లాను. అందులో ప్రతి వరుసలోనూ సినిమా ఉంది. నా నేలక్లాసు ఉంది, తువ్వాలు ఉంది. ఆవిడ చదివితే మావకి తెలుస్తుంది, ఈస్టరు తరవాత డీకన్ల ఎన్నిక. ఎన్నిక అయ్యాక చూపిద్దాంలే అనుకున్నాను. కళ్లు చూపించుకో అని ఒక ముక్క రాశాను కదా, నా బాధ్యత తీరిందనుకున్నాను. నీకు కోపం వచ్చి ఉత్తరాలు మానేస్తే, నిజం చెబుతున్నాను, కాస్త తేలికపడ్డాను.

ఏప్రిల్లో ఎన్నుకున్నారు. డీకనునయ్యాక ఆ ఉత్తరం చూపించడం మరీ కష్టమైంది. ఆరు వారాలు కూడా తిరక్కుండా నీలవేణి ఉత్తరం వచ్చింది.

అప్పుడు అన్నీ పట్టుకెళ్లి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని మొత్తం చదివారు. సినిమా గురించి ఒక్క మాట అడగలేదు. తువ్వాలు గురించి అడగలేదు. తారీకు మీద వేలు పెట్టి, “ఇది జనవరి ఉత్తరం కదా కృపారావుగారూ” అన్నారు. అంతే అన్నారు. ఫిబ్రవరిలో తెచ్చి ఉంటే రెండు కళ్లూ ఉండేవా అని నేను అడిగాను. ఆవిడ కాగితం ముందుకి లాక్కున్నారు. “చీటీ రాస్తాను, బయల్దేరండి” అన్నారు.

నీ కుడికన్ను నా వల్ల పోయింది సూరీ. దేవుడి దగ్గర రోజూ ఒప్పుకుంటున్నాను. నీ దగ్గర ఒప్పుకోవడానికే ఇన్నాళ్లు పట్టింది. నువ్వేమన్నా పడతాను.

కృపారావు


విజయనగరం,
21 సెప్టెంబరు 1969.

డీకను కృపారావుగారికి,

ఇది నా చేతిరాతే. అడుగున నీలవేణి గీట్లు గీసిచ్చింది. అయినా వరసలు పక్కకి పోతున్నాయట.

నీ ఉత్తరం నీలవేణి ఒకసారి చదివింది. మళ్లీ చదవమంటే చదవలేదు. లోపలికెళ్లి కూర్చుంది. రెండు నెలలు నేను జవాబు రాయలేదు. నువ్వు గుమ్మం దాకా వెళ్లి రెండు నెలలకి పైగా ఊరుకున్నావు కదా, అది ఎలా ఉంటుందో తెలియాలని ఊరుకున్నాను.

నేనూ అబద్ధమాడాను. దీపం దీపంలాగే ఉందని రాశాను. తాళం పోతుందని భయం. కానీ నేను అబద్ధమాడింది నా కంటి గురించి. నువ్వు మందిచ్చేవాడివి. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు ఆ ఉత్తరం చదివి ఊరుకుంటే నాకింత కోపం రాదు.

జగన్నాధంగారు మంచివారు. గేటు దగ్గర టిక్కెట్లు చింపే పని ఇచ్చారు. మొన్న ‘రేవు దీపం’ మళ్లీ వచ్చింది. ఇరవయ్యేళ్లలో మొదటిసారి బెంచీ మీద కూర్చుని బొమ్మ చూశాను. మంచు లేదు. లాంతరుకి రంగుల్లేవు. ముక్కుపుడక మీద చెమట ఉంది. నువ్వు రాసిందంతా నిజమే, వేదాద్రి మామూలు డైరెక్టరే. నేను అరవై మూడు ఆటలు చూసిన బొమ్మ ఎవరూ తీయలేదు. అయినా నాకు అదే బాగుంది. దానికి ఏడ్చాను. కన్ను పోయినందుకు కూడా అంత ఏడవలేదు.

ఇప్పుడు నా చూపు ఎలా ఉందో నీకు చెబితే అర్థమవుతుంది, ఇంకెవరికీ కాదు. కేబిన్ గోడకి కన్నం ఉండేది చూడు, నువ్వు దాక్కుని చూసేవాడివి. లోకమంతా నాకు అంతే కన్నంలోంచి కనిపిస్తోంది. మధ్యలో హీరో మొహం ఉంటుంది. పక్కనుంచి ఎవరొస్తున్నారో వాళ్లు మాట్లాడేదాకా తెలియదు.

అక్టోబరు రెండోవారంలో ‘పెద్దింటి పాలేరు’ మళ్లీ వేస్తున్నారు. గుమ్మం దగ్గర పాలేరు ఉన్నాడన్నావు. అప్పుడు లేడన్నాను. ఉండే ఉంటాడు. ఆ మూల నాకిక ఎప్పటికీ కనిపించదు. నువ్వొచ్చి నా పక్కన కూర్చుని చెప్పాలి. నేలక్లాసులో రాట చాటున కాదు. కుర్చీల్లో, అందరి మధ్యన, తువ్వాలు లేకుండా.

క్షమించానని రాయను. అలా రాస్తే అబద్ధమవుతుంది, మనిద్దరం ఇప్పటికే చాలా ఆడాం. వస్తే రా.

అప్పలసూరి


పాలకొండ,
4 అక్టోబరు 1969.
(పోస్టు కార్డు)

సూరి బావకి,

కార్డు మీదే రాస్తున్నాను. దీన్ని టపా సంచిలో వేసేది మావే. వేసేముందు చదువుతాడు, చదవనీ.

పన్నెండో తారీకు ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కి మొదటాటకి వస్తాను. ‘పెద్దింటి పాలేరు’ సినిమా ఇప్పటికి నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ దొంగతనంగానే. కుర్చీల్లో రెండు చోట్లు ఉంచు. గుమ్మం ఎడమ అంచున వస్తుంది కాబట్టి నేను నీకు ఎడమపక్కన కూర్చుంటాను. వాడు ఆకు పట్టుకుని వచ్చి నిలబడగానే నీ చెయ్యి తడతాను.

కృపారావు